తామర ఫంగస్ మీద టెర్బినఫైన్ పనిచేస్తుందో లేదో ల్యాబ్‌లో తేల్చడం ఎలా: స్క్రేపింగ్ నుంచి సీక్వెన్స్ దాకా

ఒకప్పుడు తామర అంటే రెండు మూడు వారాలు క్రీమ్ రాస్తే పోయేది, ఎవరూ పెద్ద జబ్బుగా లెక్కపెట్టేవాళ్లు కాదు. ఇప్పుడు ఏ స్కిన్ ఓపీలోనైనా ఒక పూట కూర్చోండి, నడుము చుట్టూ, తొడల్లో, వీపు మీద, కొందరికి ముఖం మీద కూడా పెద్ద పెద్ద మచ్చలు, ఇంట్లో ఒకరికి వస్తే మిగతా అందరికీ, నెలల తరబడి దురద, ఫంగస్‌ని చంపే టెర్బినఫైన్ మాత్రలు పూర్తి కోర్సు వాడినా తగ్గదు, తగ్గినా మందు ఆపగానే మళ్లీ వస్తుంది. రాత్రిళ్లు నిద్ర ఉండదు, పక్కన కూర్చున్నవాళ్లు ఏమనుకుంటారో అని సిగ్గు, మెడికల్ షాపులో ట్యూబుల మీద ట్యూబులు కొంటే అయ్యే ఖర్చు వేరే. ఇంత మందిని ఇంత బాధపెడుతున్న జబ్బుని "మామూలు తామరే కదా" అని వదిలేయడం నాకు అస్సలు నచ్చదు.

దీని వెనక ఎక్కువగా ఉన్న ఫంగస్ ట్రైకోఫైటన్ ఇండోటినియే. జపాన్‌లో ఉంటున్న నేపాలీ, భారతీయ పేషెంట్ల నుంచి తీసిన స్ట్రెయిన్లు (ఒకే ఫంగస్‌లోని వేరువేరు రకాలు) చూసి 2020లో అక్కడి పరిశోధకులు ఈ పేరు పెట్టారు. అంతకుముందు దీన్నే ట్రైకోఫైటన్ మెంటాగ్రోఫైట్స్ ఐటీఎస్ జీనోటైప్ 8 అనేవాళ్లు (ఐటీఎస్ అంటే ఫంగస్ ఏదో గుర్తుపట్టడానికి చదివే డీఎన్‌ఏ ముక్క), ఇంకా పాత పేపర్లలో ట్రైకోఫైటన్ ఇంటర్‌డిజిటేల్ అని కనిపిస్తుంది. ఇప్పుడిది మన దేశం దాటి చాలా దూరం వెళ్లిపోయింది, 2023 మేలో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ న్యూయార్క్‌లో ఇద్దరు పేషెంట్ల కేసులు రిపోర్ట్ చేసింది, వాళ్లలో ఒకరు బంగ్లాదేశ్ వెళ్లొచ్చారు, ఇంకొకరు అసలు దేశం దాటి ఎక్కడికీ వెళ్లలేదు.

ఇది మైక్రోబయాలజీ పీజీలకి, ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ చేసేవాళ్లకి, కల్చర్ పెట్టే సౌకర్యం ఉన్న చిన్న ల్యాబ్‌ల వాళ్లకి రాస్తున్నా. మొదట ఒక మాట మనసులో పెట్టుకోండి, స్పీషీస్ పేరు తెలిస్తే మందు పనిచేస్తుందో లేదో తెలిసినట్టు కాదు. జీనోమ్ మొత్తం చూస్తే ఈ ఫంగస్ దాదాపు ఒకే క్లోన్, ఒక స్ట్రెయిన్‌కీ ఇంకో స్ట్రెయిన్‌కీ తేడా చాలా తక్కువ, కానీ ఒక్క జీన్‌లో వచ్చే ఒక్క అక్షరం మార్పు వల్ల ఒకటి టెర్బినఫైన్‌కి లొంగుతుంది ఇంకోటి లొంగదు. అందుకే ఎంఐసీ (ఫంగస్ పెరగకుండా ఆపడానికి కావాల్సిన అతి తక్కువ మందు మోతాదు), సీక్వెన్స్ (జీన్‌లోని అక్షరాలు చదవడం) రెండూ చెయ్యాలి, రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి.

శాంపిల్ దగ్గరే సగం పని

శాంపిల్ సరిగ్గా లేకపోతే తర్వాత ఎంత కష్టపడ్డా వేస్ట్. మచ్చ మధ్యలో గీకొద్దు, అక్కడ ఫంగస్ తక్కువ, పొట్టు రాలుతూ ఎర్రగా ఉబ్బెత్తుగా ఉన్న అంచు దగ్గర గీకాలి. ముందు 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి, క్రీములు పౌడర్లు పోతాయి, బ్యాక్టీరియా కూడా తగ్గుతుంది. 15 నంబర్ బ్లేడ్‌ని చర్మానికి నిలువుగా పట్టుకుని మెల్లగా లోపలి నుంచి బయటికి గీకితే తెల్లటి పొట్టు రాలుతుంది, దాన్ని నల్ల కాగితం మీద పట్టండి, తెల్ల కాగితం మీద ఎంత వచ్చిందో కనిపించదు. మడిచి పేరు, తేదీ రాసి రూమ్ టెంపరేచర్‌లోనే ఉంచండి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తడి డబ్బాలో వెయ్యొద్దు.

ఇక్కడే పేషెంట్‌ని అడగాల్సినవి అడిగెయ్యాలి, తర్వాత ఫోన్ చేసి అడిగితే ఎవరికీ గుర్తుండదు. "ఏం రాశారమ్మా?" అంటే చాలామంది పేరు చెప్పలేరు, ట్యూబ్ తెచ్చి చూపించమనండి. క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్, దానికి యాంటీబయాటిక్, దానికి యాంటీఫంగల్, అన్నీ కలిపిన క్రీములు షాపులో చేతికిచ్చేవి మన దగ్గర ఏళ్ల తరబడి నడిచాయి. 2018లో చర్మానికి రాసే చాలా స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా ఓపీలో చూస్తే అలవాటు పోయినట్టు కనిపించదు. స్టెరాయిడ్ రాస్తే దురద, ఎరుపు రెండు రోజుల్లో తగ్గుతాయి, పేషెంట్‌కి మందు పనిచేసినట్టే అనిపిస్తుంది, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతూ ఉంటుంది. టెర్బినఫైన్ ఎంత డోసు, ఎన్ని రోజులు వాడారు, మధ్యలో ఆపారా, ఇంట్లో ఇంకెంతమందికి ఉంది, ఇవన్నీ ఫామ్ మీద ఉండాలి. వీలైతే ఒక వారం యాంటీఫంగల్ క్రీమ్ ఏదీ రాయకుండా ఉండమని చెప్పి అప్పుడు శాంపిల్ తియ్యండి, లేకపోతే కేఓహెచ్‌లో (పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) ఫంగస్ కనిపిస్తుంది గానీ కల్చర్‌లో రాదు.

పొట్టులో కొంత స్లైడ్ మీద పెట్టి 10 నుంచి 20 శాతం కేఓహెచ్ చుక్క వేసి ఒక 20 నిమిషాలు ఆగండి. తొందరపడి మంట మీద మరిగిస్తే కేఓహెచ్ స్ఫటికాలు కట్టి ఏమీ కనిపించదు, గోరువెచ్చగా చేస్తే చాలు. రంగు లేని, అడ్డగోడలున్న, కొమ్మలు వేసిన హైఫే, అంటే ఫంగస్ దారాలు, కనిపిస్తే మిగతా పొట్టు కల్చర్‌కి.

కల్చర్

సబరాడ్ డెక్స్‌ట్రోజ్ అగర్‌లో క్లోరాంఫెనికాల్, సైక్లోహెక్సిమైడ్ కలిపిన స్లాంట్ వాడండి, మొదటిది బ్యాక్టీరియాని ఆపుతుంది, రెండోది గాల్లో తిరిగే బూజుల్ని. పొట్టు ముక్కల్ని అగర్‌లోకి కొద్దిగా గుచ్చినట్టు రెండు మూడు చోట్ల పెట్టి, 28 నుంచి 30 డిగ్రీల దగ్గర 4 వారాల దాకా చూడండి. ఇండోటినియే అయితే అంత టైమ్ తీసుకోదు, వారం లోపే చదునుగా పరుచుకున్న తెల్లటి లేదా లేత క్రీమ్ రంగు పొడిపొడి కాలనీ వచ్చేస్తుంది, వెనక వైపు పసుపు నుంచి గోధుమ రంగు దాకా. లాక్టోఫినాల్ కాటన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే గుండ్రటి మైక్రోకొనిడియా (చిన్న స్పోర్లు) ద్రాక్షగుత్తుల్లా కట్టి ఉంటాయి, అక్కడక్కడా స్ప్రింగ్ చుట్టలు.

కానీ ఈ ఆకారం చూసి ఇండోటినియే అని రాసెయ్యొద్దు, మెంటాగ్రోఫైట్స్, ఇంటర్‌డిజిటేల్ కూడా ఇలాగే ఉంటాయి. ప్రొటీన్లని బట్టి సూక్ష్మజీవిని గుర్తుపట్టే మాల్డీటాఫ్ మెషీన్ ఉన్నవాళ్లు కూడా జాగ్రత్త, ఈ మూడింటినీ విడదీయడంలో అది చాలాసార్లు తడబడుతుంది. ఇంకో పని, ఒకే స్పోర్ నుంచి వచ్చిన కాలనీని విడిగా తీసి దానితోనే ముందుకెళ్లండి, రెండు స్ట్రెయిన్లు కలిసి ఉంటే ఎంఐసీ ఒకదానిది, సీక్వెన్స్ ఇంకోదానిది అయిపోయి తల పట్టుకోవాల్సి వస్తుంది. ప్యూర్ కల్చర్ రాగానే కొంత స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌లో వేసి మూత బిగించి దాచండి, లేదా గ్లిసరాల్‌లో మైనస్ 80లో. పదే పదే సబ్‌కల్చర్ చేస్తూ పోతే దూదిలా మారి స్పోర్లు వెయ్యడం మానేస్తుంది, అప్పుడు ఎంఐసీకి ఇనాక్యులమే (ప్లేట్‌లో వేసే స్పోర్ల ద్రవం) దొరకదు.

ఎంఐసీ పెట్టడం

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. నేను చెప్పేది అమెరికాలోని ల్యాబ్ ప్రమాణాల సంస్థ సీఎల్‌ఎస్‌ఐ వాళ్ల ఎం38 పద్ధతి, బ్రాత్ మైక్రోడైల్యూషన్ (చిన్న గుంటల్లో మందుని మెట్లుమెట్లుగా పలచన చేసి ఫంగస్ పెంచి చూడటం), దాని మూడో ఎడిషన్ 2017లో వచ్చింది. యూరప్ వాళ్ల యూకాస్ట్ పద్ధతి వేరు, అక్కడ 25 నుంచి 28 డిగ్రీల దగ్గర 5 రోజులు పెట్టి మెషీన్‌లో రీడింగ్ తీసుకుంటారు, 50 శాతం గ్రోత్ తగ్గిన చోట ఎండ్‌పాయింట్, అంటే ఎంఐసీ చదివే చోటు. సీఎల్‌ఎస్‌ఐలో 35 డిగ్రీలు, 4 రోజులు, 80 శాతం తగ్గిన చోట కంటితో చూస్తాం. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి, ఒక పద్ధతిలో చేసి ఇంకో పద్ధతి కట్-ఆఫ్‌తో (ఇది దాటితే ఎంఐసీ ఎక్కువ అని గీసిన గీత) పోల్చిన థీసిస్‌లు నా కంటపడ్డాయి, అలా చేస్తే ఆ రిజల్ట్‌కి అర్థమే ఉండదు.

మందు పొడి అంటే ప్యూర్ పౌడర్, షాపులో దొరికే మాత్ర పొడిచేసి వాడకూడదు. టెర్బినఫైన్, ఇట్రాకొనజోల్ డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించాలి, ఫ్లుకొనజోల్ నీళ్లలో కరుగుతుంది. డబ్బా మీద పొటెన్సీ (పొడిలో అసలు మందు ఎంత ఉందో) రాసి ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోండి. ఉదాహరణకి మీకు మిల్లీలీటర్‌కి 1600 మైక్రోగ్రాముల స్టాక్ 5 మిల్లీలీటర్లు కావాలి, పౌడర్ పొటెన్సీ మిల్లీగ్రాముకి 980 మైక్రోగ్రాములు అనుకుందాం, 5ని 1600తో గుణించి 980తో భాగిస్తే 8.16, అంటే 8.16 మిల్లీగ్రాములు తూచాలి. అంత కచ్చితంగా తూచడం కష్టం అనిపిస్తే దగ్గర్లో ఎంత వస్తే అంత తూచి దానికి తగ్గట్టు డీఎంఎస్‌ఓ పోసుకోండి, అదే తేలిక.

ఈ 1600 నుంచి డీఎంఎస్‌ఓలోనే సగం సగం చేసుకుంటూ 800, 400, 200 అలా పది ట్యూబులు. ప్రతిదాన్నీ ఆర్‌పీఎంఐ 1640 అనే పోషక ద్రవంలో 50 రెట్లు పలచన చెయ్యండి, ఈ ఆర్‌పీఎంఐలో గ్లూటమిన్ ఉండాలి, బైకార్బొనేట్ ఉండకూడదు, మాప్స్ బఫర్‌తో పీహెచ్ 7.0 దగ్గర నిలబెట్టాలి. ఇప్పుడు 96 గుంటల ప్లేట్‌లో ఒకటి నుంచి పదో వరస దాకా 100 మైక్రోలీటర్లు చొప్పున పొయ్యండి, 11వ వరస మందు లేని గ్రోత్ కంట్రోల్, దాంట్లో కూడా మిగతా గుంటల్లో ఉన్నంత డీఎంఎస్‌ఓ ఉండాలి, 12వది స్టెరిలిటీ కంట్రోల్. ఇనాక్యులమ్ ఇంకో 100 మైక్రోలీటర్లు కలిపాక మందు 16 నుంచి 0.03 మైక్రోగ్రాముల దాకా వస్తుంది. పాత పేపర్లు చూసి టెర్బినఫైన్ రేంజ్‌ని 0.5 దగ్గర ఆపేస్తే మన దగ్గరి స్ట్రెయిన్లకి అస్సలు చాలదు, మ్యూటేషన్ ఉన్నవి 4, 8, 16 దాటి కూడా పెరుగుతాయి, మ్యూటేషన్ లేనివి చాలావరకు 0.06 లోపే ఆగిపోతాయి.

ఇనాక్యులమ్‌కి 7 రోజుల పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్ కల్చర్ తీసుకోండి. కొంచెం ట్వీన్ కలిపిన స్టెరైల్ సెలైన్ పోసి స్వాబ్‌తో మెల్లగా రుద్ది, ఆ నీళ్లు ట్యూబ్‌లోకి తీసి 10 నిమిషాలు కదపకుండా ఉంచితే హైఫే ముక్కలు కిందికి దిగుతాయి, పైది తీసి స్టెరైల్ ఫిల్టర్ పేపర్ గుండా పంపితే మైక్రోకొనిడియా మాత్రమే మిగులుతాయి. ఈ వడపోత మానేసేవాళ్లు ఎక్కువ, కానీ ఒక్క హైఫే ముక్క గుంటలో పడినా అక్కడ గడ్డకట్టి ఎంఐసీ ఎక్కువ చూపిస్తుంది. న్యూబావర్ చాంబర్‌లో లెక్కపెట్టి, ప్లేట్‌లో చివరికి మిల్లీలీటర్‌కి 1000 నుంచి 3000 స్పోర్లు ఉండేలా, అంటే కలిపే ముందు 2000 నుంచి 6000 ఉండేలా ఆర్‌పీఎంఐలో పలచన చెయ్యండి. లెక్క సరిపోయిందో లేదో చూడ్డానికి కొంత సబరాడ్ ప్లేట్ మీద పరిచి కాలనీలు లెక్కపెట్టండి. ఇవన్నీ సేఫ్టీ క్యాబినెట్ లోపలే, పొడి కాలనీ మూత బయట తీస్తే స్పోర్లు గదంతా లేస్తాయి.

నాలుగో రోజు గ్రోత్ కంట్రోల్ బాగా పెరిగిందో లేదో మొదట చూడండి, అది పెరగకపోతే ప్లేట్ చదవొద్దు, ఇంకో రోజు ఆగండి లేదా మళ్లీ పెట్టండి. ప్రతి బ్యాచ్‌లో రిఫరెన్స్ స్ట్రెయిన్ (ఎంఐసీ ఎంత రావాలో ముందే తెలిసినది) ఉండాలి, సీఎల్‌ఎస్‌ఐ డెర్మటోఫైట్లకి (తామర లాంటివి తెచ్చే ఫంగస్‌లు) ఏటీసీసీ ఎంవైఏ-4438, ఎంవైఏ-4439 రెండూ చెప్పింది. మధ్యలో ఒక గుంట క్లియర్‌గా ఉండి దాని పైన, కింద రెండింట్లో గ్రోత్ ఉంటే అది పైపెట్ తప్పు, మళ్లీ చెయ్యండి. ఒకే స్ట్రెయిన్ రెండుసార్లు పెట్టినప్పుడు ఒక గుంట తేడా వస్తే అది మామూలే, కంగారు పడక్కర్లేదు.

ఇంత సెటప్ లేని ల్యాబ్‌లకి ఒక దారి ఉంది, మిల్లీలీటర్‌కి 0.2 మైక్రోగ్రాముల టెర్బినఫైన్ కలిపిన సబరాడ్ ప్లేట్, పక్కన మందు లేని ప్లేట్, రెండింటి మీదా ఒకే కల్చర్ పెట్టండి. మందున్న దాని మీద కూడా పెరిగితే అనుమానించి పెద్ద ల్యాబ్‌కి పంపండి. సంఖ్య చెప్పదు గానీ జల్లెడ పట్టడానికి చాలు, జిల్లా స్థాయిలో ఇది మొదలుపెడితే చాలామందికి మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

జీన్ చదవడం

డెర్మటోఫైట్ గోడ గట్టిది, మామూలు కిట్ లైసిస్ ఒక్కదానితో డీఎన్‌ఏ సరిగ్గా రాదు, బీడ్స్‌తో కొట్టడమో లిక్విడ్ నైట్రోజన్‌లో నూరడమో చెయ్యాలి. తర్వాత రెండు పీసీఆర్‌లు, ఒకటి ఐటీఎస్‌కి, ఇంకోటి ఎస్‌క్యూఎల్‌ఈ జీన్‌కి, మొదటిది ఫంగస్ ఎవరో చెప్తుంది, రెండోది టెర్బినఫైన్ సంగతి.

ఐటీఎస్1, ఐటీఎస్4 ప్రైమర్లతో రెండు వైపుల నుంచి సీక్వెన్స్ చేయించండి. రాగానే బ్లాస్ట్‌లో (డేటాబేస్‌లో సీక్వెన్స్ వెతికే టూల్) వేసి మొదటి లైన్‌లో ఉన్న పేరు రాసేసుకోవద్దు, డేటాబేస్‌లో ఇదే సీక్వెన్స్ ఇంటర్‌డిజిటేల్ అనీ మెంటాగ్రోఫైట్స్ అనీ పాత పేర్లతో బోలెడు ఉంది. పేరు స్థిరపడ్డ రిఫరెన్స్ స్ట్రెయిన్ల సీక్వెన్సులు దింపుకుని, మీ వాటితో కలిపి అలైన్ చేసి, జీనోటైప్ 8తో ప్రతి అక్షరం సరిపోయిందా చూడండి. తేడా ఒకటి రెండు బేసుల్లోనే ఉంటుంది కాబట్టి క్రొమాటోగ్రామ్ (సీక్వెన్సింగ్ మెషీన్ ఇచ్చే పీకుల గ్రాఫ్) తెరిచి ఆ చోట పీక్ కంటితో చూడాల్సిందే.

టెర్బినఫైన్ ఆపేది స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ని. అది ఆగితే ఫంగస్ కణం పొరకి కావాల్సిన ఎర్గోస్టెరాల్ తయారవ్వదు, లోపల స్క్వాలీన్ పేరుకుపోయి ఫంగస్ చచ్చిపోతుంది. ఆ ఎంజైమ్‌ని తయారుచేసే ఎస్‌క్యూఎల్‌ఈ జీన్‌లో మార్పు వస్తే మందు సరిగ్గా అతుక్కోదు. ఢిల్లీ, చండీగఢ్ ల్యాబ్‌లు రెండూ 2018లోనే మన స్ట్రెయిన్లలో ఈ మార్పుల్ని చూపించాయి. ఎక్కువగా కనిపించేది 397వ స్థానంలో ఫినైల్‌అలనిన్ పోయి ల్యూసిన్ రావడం, చాలా స్ట్రెయిన్లలో కోడింగ్ సీక్వెన్స్ 1189వ బేస్ దగ్గర టి ఉండాల్సిన చోట సి ఉంటుంది, అంతే, ఒక్క అక్షరం, దానికే ఎంఐసీ వందల రెట్లు ఎగబాకుతుంది. 393వ స్థానంలో ల్యూసిన్ బదులు ఫినైల్‌అలనిన్ గానీ సెరిన్ గానీ రావడం కూడా అంతే ముఖ్యం. 415, 440 స్థానాలు కూడా చూడండి. 448లో అలనిన్ బదులు త్రియొనిన్ కనిపిస్తే మాత్రం "టెర్బినఫైన్ రెసిస్టెంట్" అని పరిగెత్తొద్దు, అది ఒక్కటే ఉన్న స్ట్రెయిన్లలో టెర్బినఫైన్ ఎంఐసీ సాధారణంగా తక్కువే ఉంటుంది, కొన్నింటిలో అజోల్ (ఇట్రాకొనజోల్, ఫ్లుకొనజోల్ కుటుంబం మందులు) ఎంఐసీలు పెరిగినట్టు రిపోర్టులున్నాయి. అందుకే జీన్ మొత్తం చదివించండి, ఒక చిన్న ముక్క మాత్రమే చదివిస్తే ఈ తేడాలు దొరకవు.

ఇట్రాకొనజోల్ కథ వేరు. ఎస్‌క్యూఎల్‌ఈ మామూలుగా ఉండి అజోల్ ఎంఐసీ ఎక్కువ వస్తే అజోల్‌లు ఆపే ఎంజైమ్‌ని తయారుచేసే సీవైపీ51బి జీన్ కాపీలు ఎన్ని ఉన్నాయో చూడాలి, ఇండోటినియేలో ఆ జీన్ పక్కపక్కనే రెట్టింపయ్యి మందు తట్టుకున్న స్ట్రెయిన్లు దొరికాయి. మందుని బయటికి తోసేసే పంపులు కూడా ఉన్నాయి. మామూలు సీక్వెన్సింగ్‌లో కాపీల సంఖ్య కనపడదు, దానికి రియల్‌టైమ్ పీసీఆర్ గానీ హోల్ జీనోమ్ గానీ కావాలి.

వైవిధ్యం లెక్కలో పడే చిక్కు

ప్రాజెక్ట్ టైటిల్‌లో "జెనెటిక్ డైవర్సిటీ" అని పెట్టి ఐటీఎస్ ఒక్కటే చేస్తే చివరికి మీరు గీసే వంశవృక్షంలో అన్నీ ఒకే కొమ్మ మీద కూర్చుంటాయి, అది మీ తప్పు కాదు, ఫంగస్ అలాంటిది. 2019లో ఢిల్లీ గ్రూప్ జీనోములు పోల్చినప్పుడు కూడా ఇది క్లోనల్ పాపులేషన్ అనే తేలింది. నిజంగా స్ట్రెయిన్లని విడదీయాలంటే మైక్రోశాటిలైట్లు (పదే పదే రిపీటయ్యే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) గానీ, హోల్ జీనోమ్‌లో ఎస్‌ఎన్‌పీలు (ఒక్క అక్షరం తేడాలు) గానీ చూడాలి.

ఇంకో సంగతి, ఇద్దరు పేషెంట్ల దగ్గర ఇద్దరికీ 397 మార్పు ఉంది కాబట్టి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది అని రాయొద్దు. టెర్బినఫైన్ విచ్చలవిడిగా వాడుతున్న చోట అదే మార్పు వేరువేరు చోట్ల విడివిడిగా పుట్టగలదు. అంటుకుందని చెప్పాలంటే జీనోమ్ మొత్తం దగ్గరగా ఉండాలి, పైగా ఇల్లు, హాస్టల్, టవల్, ఏదో ఒక లింకు ఫామ్‌లో దొరకాలి. కుటుంబం మొత్తం శాంపిళ్లు తీసినవాళ్ల దగ్గర ఉన్న డేటాకి అందుకే అంత విలువ.

ఎంఐసీ, జీన్ ఒకదానికొకటి పొంతన కుదరకపోతే మొదట మీ పని మీద అనుమానపడండి. ఎంఐసీ 8 వచ్చింది, ఎస్‌క్యూఎల్‌ఈ శుభ్రంగా ఉంది అంటే ఇనాక్యులమ్ ఎక్కువైందా, కల్చర్ కలిసిపోయిందా, లేబుల్ మారిందా చూడండి, స్టాక్ నుంచి మళ్లీ తీసి రెండూ చెయ్యండి. అప్పుడు కూడా అలాగే వస్తే అది నిజంగా ఆసక్తికరమైన స్ట్రెయిన్, జాగ్రత్తగా దాచండి. సగటు చెప్పేటప్పుడు మామూలు యావరేజ్ వద్దు, జియోమెట్రిక్ మీన్ వాడండి, మ్యూటేషన్ ఉన్న గుంపు, లేని గుంపు విడివిడిగా ఇవ్వండి, రెండూ కలిపేస్తే వచ్చే సంఖ్య ఏ పేషెంట్‌దీ కాదు.

రిపోర్ట్ ఎలా రాయాలి

డెర్మటోఫైట్లకి సీఎల్‌ఎస్‌ఐ క్లినికల్ బ్రేక్‌పాయింట్లు (ఇంత ఎంఐసీ దాకా మందు పనిచేస్తుంది అని చెప్పే హద్దులు) లేవు, కాబట్టి కాయితం మీద "సెన్సిటివ్", "రెసిస్టెంట్" అని ముద్ర కొట్టొద్దు. స్పీషీస్, ఏ పద్ధతిలో చేశారు, ఎంఐసీ ఎంత, ఎస్‌క్యూఎల్‌ఈలో ఏ మార్పు ఉంది, ఈ నాలుగూ రాసి కింద ఒక వాక్యం కలపండి: "టెర్బినఫైన్ ఎంఐసీ 16, 397వ స్థానంలో మార్పు ఉంది, ఈ మందుతో తగ్గే అవకాశం తక్కువ, వేరే మందు ఆలోచించగలరు." డాక్టర్‌కి కావాల్సింది ఆ వాక్యమే. ఎక్కువగా ఇట్రాకొనజోల్ వైపు వెళ్తారు, కానీ దానికి గుండె, లివర్, వాడుతున్న ఇతర మందులు అన్నీ చూడాలి, అది వాళ్ల నిర్ణయం, పేషెంట్ రిపోర్ట్ పట్టుకుని నేరుగా మెడికల్ షాపుకి వెళ్లకూడదని కూడా చెప్పండి. ఎంఐసీ తక్కువ వచ్చినా జబ్బు తగ్గట్లేదంటే స్టెరాయిడ్ క్రీమ్ ఇంకా రాస్తున్నారా, మాత్రలు మధ్యలో ఆపారా, ఇంట్లో చికిత్స తీసుకోని వాళ్లున్నారా అని డాక్టర్‌ని అడగమనండి, అప్పుడు కారణం చాలాసార్లు ప్లేట్ బయటే దొరుకుతుంది.

సీక్వెన్సులు జెన్‌బ్యాంక్ అనే పబ్లిక్ డేటాబేస్‌లో పెట్టేటప్పుడు ఊరు లేదా జిల్లా, సంవత్సరం, శరీరంలో ఏ భాగం, ఎంఐసీ కూడా జతచెయ్యండి, పేషెంట్ పేరు మాత్రం ఎక్కడా వద్దు. అరుదైన స్ట్రెయిన్లు దొరికితే చండీగఢ్ పీజీఐఎంఈఆర్‌లో ఉన్న నేషనల్ కల్చర్ కలెక్షన్ ఆఫ్ పాథోజెనిక్ ఫంజైకి పంపొచ్చు, పంపే ముందు మీ దగ్గర ఇంకో కాపీ ఉంచుకోండి.